మడమ ముందు పడే నడక

ఒక సన్నివేశానికి నడవబోయే ముందు ప్రతిసారీ అతను కుడి మడమతో నేలను రెండుసార్లు తట్టేవాడు. తట్టి, తల కొంచెం ఎడమకు వంచి, ఆగేవాడు. నేల జవాబు చెప్పేదాకా ఆగినట్టుండేది. తరవాత తల ఎత్తి "కానీ" అనేవాడు. అద్దం అవతల రికార్డిస్టు మీట నొక్కేవాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఇదే వరస.

అతని పని సినిమాల్లో నడవడం. కనిపించే నడక నటులు నడుస్తారు. వినిపించే నడక అతనిది. షూటింగులో పట్టిన శబ్దంలో మాటలు పనికొస్తాయి, అడుగులు పనికిరావు. ఫ్యాను మోతలో, ఎవరిదో దగ్గులో కలిసిపోతాయి. అందుకని సినిమా అంతా తీశాక, ఒక మూసిన గదిలో తెర చూస్తూ, ఎవరో ఒకరు పాత్రలందరి తరఫునా మళ్లీ నడవాలి. తలుపు తియ్యాలి. కుర్చీ లాగాలి. గ్లాసు బల్లమీద పెట్టాలి. స్టూడియోలో అతన్ని అందరూ అడుగుల బాబాయ్ అనేవారు.

అతని గది నేల గళ్లు గళ్లుగా ఉండేది. ఒక గడిలో చెక్క, ఒక గడిలో సిమెంటు పలక, తక్కినవాటిలో పాలరాయి, ఇసుక, కంకర, ఎండుటాకులు. గోడకు చెప్పుల అరలు. నలభై ఒక్క జతలు. ప్రతి జతకూ దారంతో ఒక చీటీ కట్టి ఉండేది. పోలీసు. పెళ్లికాని మేనమామ. అబద్ధం చెప్పే డాక్టరు. రెండో భార్య. అన్నీ అతని కాలికి సరిపోయేవే, ఎత్తు మడమలతో సహా. తెరమీద హీరోయిన్ మెట్లు దిగుతుంటే హాల్లో ఈలలు వేసినవాళ్లు ఇరవై తొమ్మిదేళ్లుగా అతని కాళ్లకే ఈలలు వేశారు. ఆ సంగతి అతను బయట చెప్పుకోలేదు.

దెబ్బలాట సీన్లకు క్యాబేజీ వాడేవాడు. గుద్దితే పొట్టలో గుద్దినట్టే వినబడుతుంది. వేళ్లు విరవడానికి క్యారెట్లు. ఫైటు ఉన్న వారం ఇంట్లో కూర ఏమిటో భార్య అడగనక్కర్లేదు.

శబ్దం పెద్దదా చిన్నదా అనే ప్రశ్న అతనికి లేదు. ఏ బరువు, ఏ చెప్పు, ఏ ఉద్దేశం అనేవే అతని ప్రశ్నలు. పని చూడవచ్చిన ప్రతివాళ్లకూ ఒకే పాఠం చెప్పేవాడు: "దాక్కునేవాడు వేళ్లు ముందు వేస్తాడు. సొంతింట్లో ఉన్నవాడు పాదమంతా ఒక్కసారే వేస్తాడు. ఎవరికో వినబడాలనుకునేవాడు మడమ ముందు వేస్తాడు." చాలామంది రాసుకున్నారు. పాఠం సరైనదే. అతన్ని తప్పుదోవ పట్టించింది కూడా ఆ పాఠమే.

ఆ ఏడు ఒక డిటెక్టివ్ సినిమా వచ్చింది. డైరెక్టరుకు ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. మొదటిరోజే ఆమె అతని గదికి వచ్చి, చెప్పులు బయట విడిచి, ఇసుక గడి గట్టుమీద కూర్చుంది.

"బాబాయ్ గారూ, నిర్మాతగారు ఈ గది వద్దంటున్నారు. అడుగులన్నీ పెట్టెలో రెడీగా ఉన్నాయట. కంప్యూటరు అతికించేస్తుందట. నేనే పట్టుబట్టాను."

"ఏ అడుగులమ్మా ఆ పెట్టెలో?"

"అన్నిరకాలూ. మగ, ఆడ, మెట్లు, రోడ్డు."

"డిటెక్టివ్‌ది?"

"డిటెక్టివ్ అని వేరే ఉండదు కదా. మగ, రోడ్డు అంతే."

"ఉంటుంది," అన్నాడతను.

డిటెక్టివులను అతను బూట్లతో గుర్తుపెట్టుకున్నాడు. పాతకాలపు డిటెక్టివుకు గట్టి తోలు సోలు. వాడు చెక్కమెట్లు ఎక్కుతాడు, తలుపు తడతాడు, దొంగను పట్టుకుంటాడు, దిగుతాడు. ఎలా ఎక్కాడో అలాగే దిగుతాడు. జరిగిన కథ వాడి కాళ్లకు అంటదు. కొత్తరకం డిటెక్టివుకు రబ్బరు సోలు, ఒకవైపు అరిగినది. వాడి రోడ్డు వాన లేకపోయినా తడిగా ఉంటుంది, రంగు దీపాలు మెరవాలి కాబట్టి. తడి రోడ్డు కోసం అతను సిమెంటు పలకమీద పాత పత్రికలు తడిపి పరిచేవాడు. ఈ డిటెక్టివు తన్నులు తింటాడు, అందుకని సగం సినిమా నుంచి ఎడమకాలు ఈడుస్తాడు. చివరికి ఎవరు చేశారో తెలుస్తుంది. తెలిసినందువల్ల ఎవరికీ ఏ లాభమూ ఉండదు. మెట్లెక్కిన మనిషి దిగడు, వేరే మనిషి దిగుతాడు. పాత డిటెక్టివుకు ఒక జత చాలు. కొత్తవాడికి రెండు కావాలి, తెలియకముందు ఒకటి, తెలిశాక ఒకటి.

ఆ మాటే ఆమెతో చెప్పాడు. ఆమె చాలాసేపు అరలవైపు చూసింది. తరవాత కథ చెప్పింది.

చాకలి దుకాణం పైన ఒక గదిలో డిటెక్టివు ఉంటాడు. ఒకావిడ ఫోటో తెచ్చి, మా తమ్ముడు కనబడటంలేదు, వెతికి పెట్టమంటుంది. ఊరంతా తిరుగుతాడు. ఎవరినడిగినా వాడివంక అదోలా చూస్తారు. చివరికి తెలిసేదేమిటంటే, ఏడాది కిందట ఎవరో అడిగితే ఆ కుర్రవాడి చిరునామా కనుక్కుని రాసిచ్చింది ఈ డిటెక్టివే. ఆ చిరునామా పట్టుకునే వాళ్లు వెళ్లి చంపారు. రాసిన కాగితం నకలు మొదటి సీను నుంచీ వాడి సొరుగులోనే ఉంది. ఆవిడకు తెలుసు. చాకలికి తెలుసు. వీడికి గుర్తొస్తుందా లేదా అని చూడటానికే ఆవిడ వచ్చింది.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు," అన్నాడతను.

"అదే బాబాయ్ గారూ. ఈ రకం సినిమాలన్నీ ఆ సామెతే. కాకపోతే పిల్ల దొరికాక వీడికి సంతోషం ఉండదు."

ఆఖరి సీనులో డిటెక్టివు ఒక పొడుగాటి వసారాలో నడిచి వెళ్లిపోతాడు. వీపు తప్ప ఏమీ కనబడదు. నలభై రెండు అడుగులు. మాట లేదు, పాట లేదు. వాడికి తెలిసిపోయిందని ఆ నలభై రెండు అడుగుల్లోనే వినబడాలి. అది శనివారం లోపల కుదరకపోతే అక్కడ సంగీతం వేస్తారు, తక్కిన అడుగులకు పెట్టె తెరుస్తారు, ఆపైన గదికి తాళం. నిర్మాత పెట్టిన షరతు అది. ఆమె దాచకుండా చెప్పింది. అడుగులు ఉండాల్సిన చోట సంగీతం వేయడం అతని వృత్తిలో ఉరిశిక్ష కిందే లెక్క.

పనిలో చిన్న చిన్న చిక్కులు వస్తున్నాయి. డిటెక్టివు కోటు గరగర విని డైరెక్టరు ముఖం చిట్లించింది. "ఇది కోటా, టార్పాలినా?" రికార్డిస్టు గబుక్కున అందుకున్నాడు. "మైకు దగ్గరైందమ్మా, నేను సరిచేస్తా." తాళాలగుత్తి తీస్తే ఇనుప సామాన్ల బండి బోల్తాపడ్డట్టు ఉందంది. మళ్లీ మైకే దగ్గరైంది. అద్దం అవతలి నుంచి మాట వినిపించే చిన్న స్పీకరు కూడా పాడైందని, శబ్దం పెంచే దాని చెవిని అడుగుల బాబాయ్ ఎప్పుడో చివరిదాకా తిప్పేశాడు. పాత సామాను అనుకున్నాడు.

అసలు గొడవ ఇంట్లో మొదలైంది.

అతని భార్య ఇరవై ఆరేళ్లు ఒక స్కూలు లైబ్రరీలో పనిచేసి, పోయిన ఏడాదే మానింది. అలికిడి లేకుండా నడవడం ఆమెకు ఉద్యోగంతో వచ్చింది. "మా ఇంట్లో ఒకరు చప్పుడు చేసి బతుకుతారు, ఒకరు చెయ్యనీకుండా బతుకుతారు," అనేవాడు. అతని కుర్చీ కిటికీవైపు ఉండేది, వంటింటి గుమ్మానికి వీపు పెట్టి. అది అతని గొప్ప. ఆమె ఎంత మెత్తగా వచ్చినా వెనక్కి తిరక్కుండానే "నీళ్లు అక్కడ పెట్టు" అనేవాడు. చేతిలో నీళ్లున్నాయని కూడా తెలిసేది. నిండు గ్లాసుతో మనిషి అడుగు కుదించి వేస్తుంది.

అలాంటి మనిషి కొన్ని నెలలుగా మడమ ముందు వేస్తోంది.

చెక్క మడమల చెప్పులు కొనుక్కుని ఇంట్లోనే వేసుకుని తిరుగుతోంది. టక్కుటక్కున. గిన్నెలు ఠంగుమని పెడుతోంది. గది గుమ్మం దగ్గరే "ఏమండీ, వస్తున్నా" అని కేకేస్తోంది. ఎక్కడికని వస్తున్నావు, అరవై అడుగుల ఇంట్లో, అని అతను అడగలేదు. పాఠం గుర్తొచ్చింది. ఎవరికో వినబడాలనుకునేవాళ్లు మడమ ముందు వేస్తారు.

ఎవరికి?

తనకు మాత్రం కాదు. తనకు వేళ్లు ముందు వేసినా వినబడుతుంది కదా.

అలా మొదలుపెట్టినవాడు ఎక్కడికి చేరాలో అక్కడికే చేరాడు. ఉదయం పది దాటాక ఆమె వంటింట్లోంచి ముందుగదికి నాలుగుసార్లు టక్కుటక్కుమని నడిచింది. కుర్చీ కోళ్లలోంచి అతని వీపుకు ఎప్పుడూ అందే అదురు ఒకటుంది, కింది వాటాలో దర్జీ కుట్టుమిషనుది. అది ఆగింది. ఆమె వంటింట్లోకి పోయింది. కొంచెంసేపటికి మిషను మళ్లీ కదిలింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు అతను కాగితంమీద గుర్తులు పెట్టాడు. మడమ, మిషను ఆగడం. మడమ, మిషను ఆగడం. పదకొండుసార్లలో తొమ్మిదిసార్లు.

దర్జీ ఆమెను అక్కయ్యా అని పిలిచేవాడు. ఆ లెక్కన ఇతన్ని బావగారూ అనేవాడు. పెళ్లి చేసుకోనివాడు. మాసిన మీసం. అంతవరకూ అతనిలో అనుమానించదగ్గది ఏదీ కనబడలేదు. ఇప్పుడు ఏదీ కనబడకపోవడమే అనుమానంగా ఉంది.

కూతురు ఫోను చేసినప్పుడు అరుస్తున్నట్టు మాట్లాడింది. లైను బాగాలేదనుకున్నాడు. ఒకరోజు పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. భార్య బజారు నుంచి వచ్చి, గిన్నెవంకా అతనివంకా చూసి, "మీరు ఇంట్లోనే ఉన్నారు కదా," అంది. ఆలోచనలో ఉన్నానన్నాడు. నిజమే. ఆమె గురించే ఆలోచిస్తున్నాడు. సాక్ష్యాలన్నీ వరసగా వచ్చి అతని చేతిలోనే పడుతున్నాయి. అతను ఒక్కోదాన్నీ తీసి పక్కన పెడుతున్నాడు.

బుధవారం ఆఖరి నడక మొదలుపెట్టారు. తడి పత్రికలు కాదు, పొడి సిమెంటు. మడమతో రెండుసార్లు తట్టి, తల వంచి, "కానీ" అని, నలభై రెండు అడుగులు వేశాడు. డైరెక్టరు కళ్లు మూసుకుని విని, తల అడ్డంగా ఊపింది. గురువారం సాయంత్రానికి తొమ్మిదిసార్లు నడిచాడు.

"ఏం తక్కువైందమ్మా?"

"తక్కువ కాదు బాబాయ్ గారూ. ఇంకా వెతుకుతున్నట్టుంది. వాడికి దొరికిపోయింది. ఇంక వెతకడు. మీ డిటెక్టివు మాత్రం నేలమీద ఏదో పారేసుకున్నట్టు నడుస్తున్నాడు."

రికార్డిస్టు ఏదో అనబోయి మానేశాడు.

సామాను సర్దుకుంటూ అతను మెల్లిగా అడిగాడు. "డిటెక్టివుకు సొంత మనిషిమీద అనుమానం వస్తే ఏం చేస్తాడమ్మా?"

"మొదటి అనుమానం ఎప్పుడూ తప్పవుతుంది. రెండోది కూడా తప్పే. వాడు తెలివైనవాడు కదా, అందుకని."

"కింది వాటాలో ఒకడుంటే? అక్కా అక్కా అని తిరిగేవాడు?"

"ఓ, వాణ్ని చాలాసేపు చూపిస్తాం. జనమంతా వాడే అనుకుంటారు." ఆమె సంచీ భుజాన వేసుకుంది. "వాడు కాదు."

అతను ఆ చివరి మాట నమ్మలేదు. సినిమా వేరు.

శుక్రవారం ఉదయం ఒక ప్యాంటు చంకలో పెట్టుకుని కిందికి దిగాడు. దర్జీ తలుపు తీసే ఉంది. మిషనుమీద, దర్జీమీద, కుట్టవలసిన బట్టలమీద, గదికి అడ్డంగా నాలుగు మూలలా తాడు కట్టి ఒక దుప్పటి పరిచి ఉంది. దుప్పటి మధ్యలో బానపొట్టలా దిగింది. దర్జీ దానికింద వంగి కుడుతున్నాడు.

"రండి బావగారూ. కాస్త తల వంచి రండి."

"ఈ ప్యాంటు పొట్టి చెయ్యాలి."

దర్జీ కొలత పట్టి చూశాడు. "ఇది ఇప్పటికే పొట్టి."

"అయితే పొడుగు చెయ్యి."

"అంత గుడ్డ లేదు." ప్యాంటు మడిచి మిషను పక్కన పెట్టాడు. "సంగతేంటి బావగారూ?"

అతను రాత్రంతా కూర్చుకున్న ప్రశ్నలు మూడున్నాయి. డిటెక్టివు చుట్టుతిరిగి అడుగుతాడు. కానీ దుప్పటికింద వంగి నిలబడి చుట్టుతిరగడం కుదరలేదు.

"మా ఆవిడ నడిస్తే నీ మిషను ఎందుకాగుతుంది?"

దర్జీ అతనివంక చూశాడు. తరవాత పైకి చూశాడు. సరిగ్గా అప్పుడే పైన మడమలు టక్కుటక్కుమని కదిలాయి. దుప్పటిలోకి పెచ్చు ఒకటి రాలిపడింది. సందులోంచి సున్నపు పొడి దిగి దర్జీ మోకాలిమీది తెల్లచొక్కామీద పడింది.

"ఇందుకు," అన్నాడు దర్జీ. చొక్కా దులిపాడు. "ఎవరిదో చొక్కా ఇది. సున్నం పోసి ఇవ్వమంటారా?"

అతను పెచ్చును చూశాడు. అరచెయ్యంత ఉంది.

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎందుకు చెప్పలేదు? ఆర్నెల్ల కిందట పైకొచ్చి మీ ఇంట్లోనే నిలబడి చెప్పాను. అక్కయ్యా, మెల్లిగా నడవండి, నా కప్పు ఊడుతోంది అని. కొంచెం గట్టిగానే చెప్పాను. మీరు అక్కడే ఉన్నారు, కుర్చీలో. వీపు మావైపు పెట్టి."

"నేను ఇంట్లో ఉన్నానా?"

"బూట్లు తుడుస్తున్నారు."

దర్జీ అక్కడ ఆగిపోయాడు. నాలుక కరుచుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా సూదిలోకి దారం ఎక్కించడం మొదలుపెట్టాడు. సూదిలో దారం ఉంది.

"చెప్పు," అన్నాడతను.

"అక్కయ్య చెప్పొద్దంది బావగారూ."

"ఏం చెప్పొద్దంది?"

దర్జీ సూదివంక చూస్తూ చెప్పాడు. అతనికి సరిగా అందలేదు. దర్జీ తలెత్తి, ఈసారి గట్టిగా, మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

"'నేను వెనకనుంచి వస్తే ఉలిక్కిపడుతున్నారు తమ్ముడూ,' అంది. 'ముప్పై ఏళ్లలో ఆయన ఎప్పుడూ ఉలిక్కిపడలేదు. ఒకసారి చేతిలో బూటు జారిపోయింది. సిగ్గుపడ్డారు. అందుకని వినబడేట్టు నడుస్తున్నా. నీ కప్పు నేను బాగుచేయిస్తాలే, ఆయనతో అనకు' అంది. అంతే బావగారూ. మీ ప్యాంటు మరిచిపోతున్నారు."

అతను ప్యాంటు తీసుకున్నాడు. పైకి వెళ్లలేదు. ప్యాంటు చంకలో పెట్టుకునే స్టూడియోకు నడిచాడు. దారిలో సైకిళ్లు పోయాయి, ఒక తలుపు పడింది, ఎవరో తాళం తీశారు. తాళం తియ్యడం చూశాడు. వినలేదు. ముందురోజు వరకు అలాంటివి తనకు వినబడేవనే అనుకున్నాడు. చూసిన చప్పుళ్లను విన్నవాటిలో కలిపేసుకున్నాడు. కళ్లు చెవుల తరఫున దొంగసాక్ష్యం చెబుతూ వచ్చాయి.

రికార్డిస్టు ఒక్కడే ఉన్నాడు. అతను గదిలోకి కాకుండా అద్దం అవతలికి, రికార్డిస్టు దగ్గరికే వెళ్లి నిలబడ్డాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏంటి బాబాయ్?"

"నా చప్పుళ్లు తగ్గించడం."

రికార్డిస్టు బల్లమీది మీటలను ఒక్కొక్కటే సర్దాడు. అవి సర్దే ఉన్నాయి.

"పోయిన వానాకాలం సినిమా నుంచి."

"ఎంత?"

"కోటైతే సగానికి. తాళాలైతే ఇంకా ఎక్కువ. కాగితాలైతే నేనే మళ్లీ నలిపి కలిపేశా. అడుగులు మాత్రం ముట్టుకోలేదు బాబాయ్, ఒట్టు. మడమ మీకు బాగానే వినబడుతుంది." చివరి మీటను ఇంకోసారి సర్దాడు. "వేళ్లు వినబడట్లేదు. అందుకని వేళ్లు నొక్కుతున్నారు. ప్రతి అడుగులోనూ చివర నొక్కి, అది వినబడిందా లేదా అని చూసుకుంటున్నారు. డైరెక్టరమ్మ వెతుకుతున్నట్టుందంటోంది అదే."

"నిన్న చెప్పబోయి మానేశావు."

"మీకు పాఠం చెప్పేంతవాణ్నా బాబాయ్?"

"చెవిటివాడి ముందు శంఖం ఎందుకనుకున్నావు."

"అట్లా అనకండి," అన్నాడు రికార్డిస్టు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అడుగుల బాబాయ్ అది చూసి ముఖం తిప్పుకున్నాడు. ఇంక చూసి తెలుసుకోవాల్సినవి ఎక్కువవుతాయి. ఇది వాటిలో మొదటిది.

"ఈరోజు నుంచి తగ్గించకు. చెప్పు. వేళ్లు ఎక్కువైతే వేళ్లు అను. కోటు ఎక్కువైతే కోటు అను. గట్టిగా అను."

"డైరెక్టరమ్మ ముందు కూడానా?"

"అమ్మ ముందు కూడా."

డైరెక్టరు వచ్చింది. అతని చంకలో ప్యాంటు చూసింది, అడగలేదు. తెరమీద వసారా వచ్చింది. డిటెక్టివు వీపు వచ్చింది. అతను సిమెంటు పలక ఎక్కాడు. మడమతో నేలను తట్టలేదు. తల వంచలేదు. అడగడానికి ఏమీ లేదు.

"కానీ," అన్నాడు.

నలభై రెండు అడుగులు వేశాడు. ఏదీ వినడానికి ప్రయత్నించలేదు. కాలు పడినచోట పడింది. వేళ్లు వాటంతట అవి వాలాయో లేదో అతనికి తెలియదు. తెలుసుకోవడం అద్దం అవతలివాళ్ల పని. ముప్పై అడుగులు దాటాక ఎడమకాలు కొంచెం ఈడ్చాడు. అది కాగితంమీద రాసి ఉంది కాబట్టి ఈడ్చాడు. చివరి అడుగు తరవాత, బొమ్మ వెళ్లిపోయాక, ఇంకో అడుగు వేశాడు. అది పొరపాటు.

స్పీకర్లో రికార్డిస్టు గొంతు వచ్చింది, గదంతా అదిరేట్టు. "వేళ్లు బాగున్నాయి బాబాయ్!"

డైరెక్టరు గదిలోకి వచ్చి, కంకర గడి పక్కన నిలబడింది.

"ఆ ఎక్కువ అడుగు కూడా ఉంచుతున్నాను. ఏం మార్చారు బాబాయ్ గారూ?"

"బూట్లు మార్చానమ్మా."

ఆమె అతని కాళ్లవంక చూసింది. తొమ్మిదిసార్లు నడిచిన అవే రబ్బరు బూట్లు. ఒకవైపు అరిగినవి. శనివారం నిర్మాత వచ్చి విన్నాడు. పెట్టె మాట ఎత్తలేదు. పై సినిమాకు ఎత్తుతాడేమో చెప్పలేం.

శుక్రవారం సాయంత్రం అతను ఇంటికి చేరేసరికి భార్య కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతోంది. అతన్ని చూసి వంటింట్లోకి నడిచింది, టక్కుటక్కుమని. గ్లాసు తెచ్చి బల్లమీద ఠక్కున పెట్టింది. అతను కుర్చీలో, వీపు గుమ్మానికి పెట్టి, ఎప్పట్లాగే కూర్చున్నాడు.

"మీ డిటెక్టివు సంగతి ఏమైంది? దొరికిందా?"

"దొరికింది."

"ఎవరు?"

"వాడే."

"అయ్యో." ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది. ఈమధ్య మాట్లాడాలంటే ఎదురుగా వచ్చే కూర్చుంటోంది. అది కూడా అతను గుర్తుపెట్టుకోలేదు, కాగితంమీద రాయలేదు. "మిగతావాళ్లకి?"

"అందరికీ తెలుసు. చాకలివాడితో సహా."

"వాడికి తప్ప."

"వాడికి తప్ప. ఎవరైనా ఒక ముక్క చెప్పి ఉండొచ్చు."

ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుంది. కాళ్లు కొంచెం వెనక్కి లాక్కుంది, చెక్క మడమలు కనబడకుండా.

"ఏమని చెప్తారండీ," అంది. "కనుక్కోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి?"

అతను నీళ్లు తాగాడు. గ్లాసు బల్లమీద మెల్లిగా పెట్టాడు, ఎంత మెల్లిగా పెట్టాడో తనకు తెలియకుండా.

"ఆ చంకలో ప్యాంటేంటి?" అంది ఆమె.

"పొట్టిదట."

మర్నాడు ఉదయం అతను ఆమెకంటే ముందు లేచాడు. గుమ్మం పక్కనున్న చెక్క మడమల చెప్పులు తీసుకుని, గుడ్డతో తుడిచి, స్టూడియో సంచిలో పెట్టుకున్నాడు. ఒక చీటీ కూడా రాశాడు. మొదట 'భార్య' అని రాసి, ఆ పేరుతో ఒక జత ముందే ఉందని గుర్తొచ్చి, కొట్టేసి, ఏమీ రాయకుండా దారం కట్టాడు. తరవాత కుర్చీని రెండు చేతులా పట్టుకుని వంటింటి గుమ్మంవైపు తిప్పాడు. ముప్పై ఏళ్లుగా ఒకేచోట ఉన్న కుర్చీ. కోళ్లున్నచోట నేలమీద నాలుగు చుక్కలు తెల్లగా ఉన్నాయి. కూర్చున్నాడు.

కొంతసేపటికి ఆమె గుమ్మంలోకి వచ్చింది. చెప్పులకోసం చూసింది. కుర్చీని చూసింది. గుమ్మం దగ్గర కేక వెయ్యబోయిన నోరు అలాగే మూసుకుంది. ఉత్త కాళ్లతో, వేళ్లు ముందు వేసి, లోపలికి నడిచి వచ్చింది. చేతిలో నిండు గ్లాసు. అడుగు కుదించి వేస్తోంది.

"నీళ్లు అక్కడ పెట్టు," అన్నాడతను.

కింద మిషను ఆగలేదు.